బొమ్మల అయివారి పేజీలు

జూన్ 2, 1955. గురువారం

సీరియల్ చివరి భాగం వచ్చింది. ఆయన కడప నుంచి బస్సులో పత్రిక తెచ్చారు. వంటింట్లో నిలబడే, ముందుగా నేనొక్కదాన్నే చదివేశాను. పప్పు అడుగంటింది.

వసంత మేనబావను కాదని, బడిలో బొమ్మలు నేర్పే అయివారితో వెళ్లిపోయింది. ఇంతే కావాలి. ఇంకోలా ముగిస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

మధ్యాహ్నం వసారాలో చదివి వినిపించాను. అత్త, పక్కింటి ఖాజాబీ, ఎదురింటి లక్ష్మక్క... ముగ్గురూ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ. ముగ్గురికీ చదువు రాదు. ఆరు నెలలుగా ప్రతి వారం నేనే చదువుతున్నాను. చివరి మాట చదివి చూస్తే ముగ్గురి చేతులూ ఆగిపోయి ఉన్నాయి.

"అంతేనా?" అత్త.

"అంతే అత్తా."

"ఇంగో పేజీ అతుక్కోని ఉండాదేమో సూడు."

జూన్ 3

పొద్దున్నే లక్ష్మక్క, చేట చంకన పెట్టుకుని. కూర్చోకముందే మొదలు. "ఎంత మంచోడు మే ఆ బావ. బండి కట్టుకోని మూడుతూర్లు వచ్చె. వాళ్ల నాయనకు జబ్బు చేస్తే ఎత్తుకోని ఆస్పత్రికి పాయె. ఈ అయివారు ఏం చేసినాడని? గోడకానుకోని నిలబడినాడు, అంతే గదా?"

అత్తకు ఇంకా కోపం. "మేనబావ ఉండంగా ఎవనితోనో పోతాదా? ఆ పిల్లకు కండ్లు నెత్తికెక్కినాయి. రాసినోనికన్నా బుద్ధి ఉండొద్దా?"

ఖాజాబీ మాత్రం నన్ను చూసి నవ్వింది.

రాసినవారి తప్పు కాదు. నాకు తెలుసు.

జూన్ 4

తప్పు నాది. ఇక్కడైనా రాసుకోవాలి.

నాలుగో వారంలో మొదలైంది. అయివారు బొమ్మ గీస్తానని వసంతను కిటికీ దగ్గర కూర్చోబెడతాడు. ఆమె చెంప మీద పడ్డ వెంట్రుకలు తీసి చెవి వెనక్కి... ఎదురుగా అత్త. నాకు నోరు రాలేదు. అదంతా వదిలేసి, బావ బండి వచ్చే చోటు నుంచి అందుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. మరుసటి వారమూ అంతే. తర్వాత అలవాటైంది. అయివారు గదిలోకి వస్తే చాలు, నేను పేజీ తిప్పేదాన్ని.

ఎక్కడా తడబడలేదు. చదివింది అయిదో తరగతి అయినా అంత నేర్పుగా దాటగలనని లోపల గర్వం కూడా.

ఇరవై రెండు వారాలు.

వాళ్లు విన్న కథలో బావ ఒక్కడే ఉన్నాడు. మరి కోపం రాదా...

జూన్ 6

పత్రికవాళ్లకు కార్డు రాయమంది అత్త. తను చెప్పింది చెప్పినట్టు రాశాను.

"అయ్యా, మీ కత ఆరు నెల్లు ఇన్న్యాము. కడాకు అన్యాయం చేసినారు. ఆ బావకు ఏం జవాబు చెప్తారు? ఇట్లు, వేంపల్లె ఆడోళ్లం."

అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. గురువారం ఆయన కడపకు పోతారు, అక్కడే డబ్బాలో వేయాలట. "ఈడ వేస్తే అందరూ సదివి నవ్వుతారు" అంది.

నా తప్పుకు ఎవరినో తిట్టాను. నా చేత్తోనే.

జూన్ 7

బావి దగ్గర ఖాజాబీ ఒక్కతే.

"మీ అత్త లేదు గదా, ఒకటడుగుతా బేటీ. ఆ మధ్య కతకేసిన ఒక బొమ్మలో ఆ అయివారు ఆ పిల్ల చెయ్యి పట్టుకోనుండాడు. నువ్వు సదివినదాంట్లో యాడా పట్టుకోలేదే?"

చేద తాడు జారింది.

"నాకు సదువు రాదు గానీ కండ్లుండాయి. బొమ్మల్లో ఒక కత, నీ నోట్లో ఒక కత. రెండూ కలిపి నేను ఇంగోటి అల్లుకుంటాంటి. శానా మజాగా ఉండె."

తను ఎవరికీ చెప్పదట. చెప్పాల్సింది నేనేనట.

జూన్ 8

కాయలు ఒలుస్తూ అత్త, ఎవరూ అడక్కుండానే - "నేనూ మేనబావనే చేసుకున్న్యా. ఇష్టమా అని నన్నడిగినోళ్లు లేరు. మంచోడే మీ మామ. మంచోడైతే సాలదా?"

లక్ష్మక్క ఇంకో చేటెడు కాయలు పోసింది.

రేపు కార్డు పోతుంది. అంతకుముందే చెప్పేస్తాను. అంత చదవగలిగినదాన్ని, నాలుగు మాటలు చెప్పలేనా?

జూన్ 9. గురువారం

ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. కార్డు జేబులో. "ఆ కార్డు ఇట్లియ్యండి" అన్నాను. అత్త ముందర, గట్టిగా. ఆయన అత్త వైపు చూశారు, నా వైపు చూశారు, ఇచ్చేసి బస్సుకు వెళ్లిపోయారు.

అత్తకు చెప్పాను. ఏ వారం నుంచి, ఏం వదిలేశానో.

"నేనుండానని ఇడ్చిపెట్టినావా?"

"ఊ."

అత్త ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

"సగం కత ఇని ఆ పిల్లను తిట్టినా." చేట పక్కకు జరిపి - "నేనేం ఇనాల్నో నువ్వే తేల్చినావే, అమ్మీ."

మధ్యాహ్నం వసారాలో ఎవరూ కూర్చోలేదు.

జూన్ 10

అత్తే పాత పత్రికల పెట్టె లాగింది. "మొదటి నుంచి సదువు. ఏదీ ఇడ్సొద్దు." ఖాజాబీనీ లక్ష్మక్కనూ తనే పిలిచింది.

మొదటి మూడు వారాలూ గబగబా అయ్యాయి. అవి వాళ్లు విన్నవే. నాలుగోది పెట్టెలో లేదు. వెతికితే ఊరగాయ జాడీ మూతికి కట్టి ఉంది, నూనెకు నాని, అక్షరం కనబడకుండా.

"నేనే కట్టినా" అంది అత్త. "పాయెనా ఇంగ?"

"లేదత్తా. నాకు నోటికి వచ్చు."

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే సెప్పు."

చేతిలో పత్రిక లేదు. ముఖానికి అడ్డం ఏమీ లేదు. చెప్పాను. కిటికీ, బొమ్మ, చెంప మీద వెంట్రుకలు... అక్కడ ఆగాను. అత్త తలెత్తలేదు. చేతులు మాత్రం ఒలుస్తున్నాయి.

"ఊ. తర్వాత?"

తర్వాత అంతా చెప్పాను.

"అయినా బావే మంచోడు" అంది లక్ష్మక్క.

కార్డు గూట్లో ఉంది. చించేయనా అంటే, "ఉండనీ. మొత్తం ఇన్నాక గూడా కోపమొస్తే నేనే పంపిస్తా" అంది.

రేపు అయిదో వారం. అందులో అయివారు వసంతను అడుగుతాడు - నీకు ఇష్టమేనా అని.

ఆ మాట చదువుతాను. చదివాక అత్త వైపు చూడాలా, పేజీ వైపే చూడాలా...