బిస్కెట్ డబ్బాలో ఏరు

జనవరి 3

మూసేశారు.

పేపర్లో చూశాను. ఈ ఏడాది మూసిన నదుల జాబితాలో మా ఓవెన్‌రూ చివరి నుంచి మూడోది. పేరు కూడా తప్పుగా అచ్చేశారు. ఇక ఆ ఏట్లో సాల్మన్ కోసం గాలం వేస్తే కేసు. ఏడేళ్ళ వయసు నుంచి నాకు సరిగ్గా వచ్చిన పని అదొక్కటే. ఇప్పుడది నేరమయింది.

చిన్నప్పటి నుంచీ నాతో గాలం వేసే టైగ్ పొద్దున్నే వచ్చాడు. టోపీ తీయలేదు, టీ వద్దన్నాడు. ఒరేయ్ పోస్టూ, ఆ చేపల ఆఫీసు వాళ్ళు ఏనాడైనా మోకాలి దాకా ఆ నీళ్ళలో దిగారట్రా అని అరిచాడు. ముప్ఫై ఒక్కేళ్ళు ఈ కొండల్లో ఉత్తరాలు పంచాను కాబట్టి వాడికి నేను పోస్టునే. చేపల్ని సీల్ జంతువులు తినేస్తున్నాయట, ట్రాలర్ పడవలు వలలతో సముద్రాన్ని ఊడ్చేస్తున్నాయట, చేపల ఫారాల నుంచి పేలు అంటుకుంటున్నాయట. వాళ్ళందరినీ వదిలేసి గాలం కర్ర పట్టుకున్న ముసలాళ్ళ మీద పడ్డారట. నేను తల ఊపుతూ కూర్చున్నాను. వాడన్నవన్నీ నిజమే. అందుకే తల ఊపడం తేలికయింది.

జనవరి 4

డబ్బా అటక మీదే ఉంది. చూశాను. తెరవలేదు.

జనవరి 11

రాసేస్తాను. దీన్ని ఎవరూ చదవరు. డీలియా అక్కకి నా రాత అర్థం కాదు. ఊరందరి రాతా చదివినవాడివి, నీ రాత మాత్రం కోడి గీసినట్టుందేమిట్రా అంటుంది.

లైసెన్సుతో పాటు ప్రతివాడికీ ఒక లాగ్‌బుక్ వస్తుంది. పట్టిన ప్రతి సాల్మన్‌నీ అందులో ఎక్కించాలి. తేదీ, బరువు, మడుగు పేరు. సీజన్ అయ్యాక ఆఫీసుకి పంపాలి. మా క్లబ్బులో అక్టోబరులో ఒక సాయంత్రం అందరూ పబ్బు వెనక గదిలో కూర్చుని పుస్తకాలు సెక్రటరీకి ఇచ్చేస్తారు. ఆయన పోస్టు చేస్తాడు. సెక్రటరీని నేను. పోస్ట్‌మాన్ ఉండగా ఇంకెవరికిస్తారు?

మావాళ్ళు నోటితో చెప్పేటప్పుడు చేపని సాగదీస్తారు. పుస్తకంలో రాసేటప్పుడు మింగేస్తారు. ఆరు పడితే ఒకటి. ఎక్కువ రాస్తే పైవాళ్ళ కళ్ళు పడతాయి, డబ్లిన్ కార్లు వంతెన దాకా బారులు తీరతాయి, మన మడుగులు మనవి కాకుండా పోతాయి. ఈ మాట మొదట అన్నవాణ్ణి నేనే. పబ్బులో నిలబడి, గ్లాసు చేత్తో పట్టుకుని అన్నాను. అందరూ నవ్వారు, అందరూ విన్నారు.

టైగ్ వినలేదు. వాడు పట్టిన ప్రతి చేపనీ రాస్తాడు. నీళ్ళ రంగు, గాలి ఎటు నుంచి, ఏ ఈకల ఎర కట్టాడు, అన్నీ పెన్సిల్‌తో అంచుల దాకా. వాడి పుస్తకం ఒక్కటి ఆఫీసుకి వెళ్ళిందంటే మిగతా పద్నాలుగూ అబద్ధాలని తెలిసిపోతుంది. అందుకని పదకొండేళ్ళ కిందట ఒక ఏడాది వాడిది పంపలేదు. ఒక్క ఏడాదికే అనుకున్నాను.

పదకొండు పుస్తకాలున్నాయి ఆ డబ్బాలో.

సర్వీసులో ఒక్క ఉత్తరం కూడా పోగొట్టలేదని రిటైరయిన రోజు గోడ గడియారం ఇచ్చారు. బాగానే నడుస్తోంది.

ఫిబ్రవరి 20

టైగ్ రోజూ వంతెన దాకా వెళ్ళి నిలబడి వస్తున్నాడట. కర్ర లేకుండా. కర్ర పట్టుకుని నడిచినా అనుమానిస్తారని భయమట. మూడేళ్ళ కిందట వాడి భార్య న్యూలా పోయిన వారం నుంచీ వాడు పొద్దున లేస్తున్నది ఆ ఏటి కోసమే. ఇంట్లో ఆమె కుర్చీ ఎదురుగా కూర్చోలేడు. అక్క బ్రెడ్ పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆ మనిషి గడ్డం గీసుకోవడం మానేశాడురా అంది.

మార్చి 14

ఇవాళ చర్చి హాల్లో మీటింగు. ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గ్రాన్యా అట పేరు. మంచి బూట్లే వేసుకొచ్చింది, మోకాలి దాకా బురద. హాలు నిండిపోయింది. కేకలేసేవాళ్ళు కేకలేశారు.

టైగ్ లేచాడు. గడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు వేసుకొచ్చాడు. అమ్మాయ్, ఈ ఏట్లో చేపల్లేవని ఎవరు చెప్పారమ్మా నీకు, నేనొక్కణ్ణే ఒక ఏడాది ముప్ఫై ఒకటి పట్టాను అన్నాడు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ చూసింది. మీ క్లబ్బు మొత్తం లెక్క ఏటా ఎనిమిదో తొమ్మిదో వస్తోందండీ, పదకొండేళ్ళుగా అంతే, ఆ లెక్కతో ఏ నదినీ తెరిచి ఉంచలేం అంది. మరి నా పుస్తకాలో అన్నాడు వీడు. ఆమె వేలితో కిందికీ పైకీ జరిపి చూసింది. మీ పేరు మీద ఒక్కటి కూడా రాలేదండీ అంది. మర్యాదగానే అంది.

వెనక నుంచి ఎవడో, టైగ్, నువ్వు పట్టినవన్నీ కలలో చేపలేమోరా అన్నాడు. హాలంతా నవ్వింది. మా క్లబ్బువాళ్ళూ నవ్వారు.

వాడు నా వైపు తిరిగాడు. పోస్టూ, చెప్పరా, ఏటేటా నీ చేతికే కదా ఇచ్చాను అన్నాడు.

పోస్టులో పోయి ఉంటాయి అన్నాను.

నేనన్నాను ఆ మాట. నేను.

మార్చి 15

గడియారం దించి సొరుగులో పెట్టాను.

ఏప్రిల్ 2

ఈస్టర్‌కి ఇల్లు దులపాలని అక్క అటక ఎక్కింది. బిస్కెట్లు దాచుకున్నాననుకుందట. నేను లేచి వచ్చేసరికి డబ్బా టేబుల్ మీద ఉంది, పక్కనే నా టీ. ఆమె కిటికీ తుడుస్తోంది. చాలాసేపు తుడిచింది. ఎప్పుడిస్తావు అని అడిగింది చివరికి. ఎవరికి అని నేను అడగలేదు.

ఏప్రిల్ 3

ఇచ్చాను.

నాలుగు మైళ్ళు, వర్షం, డబ్బా కోటు లోపల. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. వాడు తలుపు తీయగానే అన్నీ పోయాయి. నీ పుస్తకాలు, నేను పంపలేదు, నా దగ్గరే ఉన్నాయి అన్నాను. అంతే.

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు డబ్బా తెరిచి ఒక పుస్తకం తీసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నాకు తెలియని సంగతి ఒకటుంది. వాడి చేతులు చలికి కొంకర్లు పోయిన రోజుల్లో న్యూలా ఒడ్డున కూర్చుని రాసేదట. సగం పేజీలు ఆమె రాతే. పదకొండేళ్ళు చేతిలో ఉన్నా నేను ఒక్క పేజీ సరిగా చూడలేదు. మే 6, తొమ్మిది పౌన్లు, మా ఆయన మళ్ళీ నీళ్ళలో పడ్డాడు అని ఉందట ఒకచోట. అది పైకి చదివాడు. మళ్ళీ చదివాడు.

నువ్వు వెళ్ళు అన్నాడు. ఒరేయ్ అనలేదు, పోస్టూ అనలేదు.

మే 9

గ్రాన్యా ఫోన్ చేసింది. టైగ్ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు బస్సులు మారి వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడట. సాయంత్రం దాకా కదలలేదట.

ఆమె అన్నీ చదివింది. ముప్ఫై ఒకటి, ఇరవై ఏడు, ఇరవై రెండు, ఇరవై రెండు, పద్దెనిమిది. అలా దిగుతూ దిగుతూ ఆఖరి ఏడాది తొమ్మిది. మాలకీ గారూ, ఇవి అప్పుడే మాకు చేరి ఉంటే ఏడేళ్ళ కిందటే తెలిసేదండీ అంది. అడవి రోడ్డు కింద ఏటి నీళ్ళు పోవడానికి గొట్టం వేసింది అంతకు కొన్నేళ్ళ ముందేనట. చేప అందులోంచి పైకి ఎక్కలేదు, గుడ్లు పెట్టే చోటుకి చేరలేదు. మా కాగితాల మీద మాత్రం ఏటా ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. పడిపోతున్నట్టే లేదు. అందుకని ఎవరూ వచ్చి చూడలేదు.

నేను ఇన్నాళ్ళూ నా అబద్ధం ఏరుని మూయించిందనుకున్నాను. అది కాదు నేను చేసింది. ఏరు చచ్చిపోతుంటే ఎవరికీ తెలియకుండా చేశాను.

అయినా ఒక దారి చూపించింది. జూన్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా రెండే రెండు గాలాలు, ముల్లు లేని కొక్కేలు, పట్టింది పట్టినట్టు వదిలేయాలి, అన్నీ రాయాలి, రెండు సంతకాలు. పన్నెండు చేపలు తేలితే వచ్చే ఏడాది తెరిచే మాట ఆలోచిస్తారట. లేకపోతే ఇక ఏళ్ళ తరబడి అంతే. రెండో మనిషిగా టైగ్ నా పేరే ఇచ్చాడట. ఎందుకని అడిగితే, అందరి కంటే వాడికే అబద్ధం ఏమిటో బాగా తెలుసు, వాడి మీద నేను ఒక కన్నేసి ఉంచుతాను అన్నాడట.

జూన్ 1

పొద్దున ఆరింటికి వంతెన దగ్గర. వాడు పై మడుగు, నేను కింద మడుగు. ఒక్క మాట లేదు. సున్నా.

జూన్ 19

సున్నా. వాన లేదు. నీళ్ళు చీలమండ దాకా.

జులై 8

రాత్రంతా కురిసింది. పొద్దునకి నీళ్ళు చిక్కటి టీ రంగులోకి తిరిగాయి. పదింటికి వాడి కర్ర వంగింది. నేను పరిగెత్తాను, ఈ వయసులో, రాళ్ళ మీద. సాల్మన్‌ని తోక మొదట్లో పట్టుకోవచ్చు, జారదు, మిగతా చేపలన్నీ జారిపోతాయి. నేను తోక పట్టాను, వాడు కొక్కెం తీశాడు. దాని మూతి ప్రవాహానికి ఎదురు పెట్టి పట్టుకున్నాను. ఊపిరి తీసుకుంది. తీసుకుంది. ఒక్క విదిలింపుతో చేతిలోంచి పోయింది. ఇద్దరం మోకాళ్ళ మీద ఉండిపోయాం, ఒంటి నిండా నీళ్ళు.

రాసుకో అన్నాడు. ఏప్రిల్ తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

ఎనిమిది పౌన్లు ఉండొచ్చు. రాశాను.

ఆగస్టు 17

మూడు. గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. ఇవాళ వాడి బ్రెడ్‌లో సగం నాకిచ్చాడు. ఇస్తూ, దీన్నీ డబ్బాలో దాచకుండా తినేయ్ అన్నాడు.

సెప్టెంబరు 12

ఐదు.

సెప్టెంబరు 29

ఐదే.

టైగ్ ఇంటికి వచ్చాడు. టోపీ తీశాడు, టీ తాగాడు, అక్క కేకు రెండు ముక్కలు తిన్నాడు. ఆమె పెరట్లోకి వెళ్ళాక ఫారం తీసి టేబుల్ మీద పెట్టాడు. సంతకం పెట్టేసి ఉంది. మొత్తం అనే గడి ఖాళీగా ఉంది.

పన్నెండు రాయరా అన్నాడు.

ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఏడు చేపలేగా అన్నాడు. ఆ ఏరు లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోను, నువ్వే చెప్పు అన్నాడు. జీవితంలో నేనొక్క అంకె తప్పు రాయలేదు, నాకు చేతకాదు, నీకది చేతనైన పని, ఈ ఒక్కసారి నా కోసం చెయ్యి అన్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. అరవై ఏళ్ళ స్నేహంలో వాడు నన్ను ఏదీ అడగలేదు.

వాడి మీద కోపం వచ్చింది. ఎందుకో తెలుసు. వాణ్ణి ఆ మాట అనేలా చేసింది నేను.

సెప్టెంబరు 30

ఆఖరి రోజు. సాయంత్రం దాకా వేశాం. సున్నా. కర్రలు విప్పుకుంటుంటే వాడు నా మొహం వైపు చూడలేదు.

అక్టోబరు 1

ఐదు.

కింద నా సంతకం. గొట్టం సంగతి కూడా రాశాను. వాన పడుతుండగా వంతెన దాటి పోస్టుబాక్సు దాకా నడిచాను. టైగ్ వంతెన మీదే ఉన్నాడు. కవరు చూశాడు. ఎంత రాశావని అడగలేదు. నా పక్కన నడిచాడు.

కవరు అడుగున పడిన చప్పుడు వినిపించేదాకా చెయ్యి బయటికి తీయలేదు.