నిండుగా ఉన్న నీళ్ల ట్యాంకు

నా ఇంజనీరమ్మకు,

నీ గదిలో ఫ్యాను బాగుచేశారని తెలిసి మనసు కుదుటపడింది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన మెకానిక్ షెడ్డూ కులాసాగానే ఉన్నాం. మా అత్తా అల్లుళ్లిద్దరిలో ముందు అలిగేది ఎవరని అడిగావు. అత్తయ్యే. ముందు పలకరించేది ఎవరని మాత్రం అడగలేదు. అది నేను.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. మన పాత వ్యానుకు నువ్వు అమర్చి వెళ్లిన నీళ్ల పరికరం భేషుగ్గా ఉందని పోయిన ఉత్తరంలో గొప్పలు పోయాను. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలుతో పాటు సన్నటి నీటి తుంపర ఇంజన్లోకి వెళ్తోందనీ, లోపలి వేడి తగ్గి టకటకమనే నాకింగ్ చప్పుడు ఆగిపోయిందనీ, పైగా ట్యాంకులో నీళ్లు తరగడమే లేదనీ రాశాను. ఆ మాట పట్టుకుని వచ్చే వారం మీ ఆఫీసులో పైవాళ్లకు చూపిస్తానన్నావు. అప్పుడే చూపించకు బంగారం.

మొన్న అత్తయ్యను వ్యానులో ఎక్కించుకుని, సామానుతో పెద్ద వంతెన ఎక్కుతున్నాను. ఆవిడ మొహం చిట్లించి, "అల్లుడూ, ఏమిటా టకటక? రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది" అన్నారు. నాకేం వినపడలేదు. బండి పక్కకు ఆపి తుంపర చిమ్మే నాజిల్ విప్పి చూస్తే తెల్లగా సుద్దలా పేరుకుని మూసుకుపోయి ఉంది. కుళాయి నీళ్లు పోసినందుకు తిట్టు, పడతాను. అన్నాళ్లూ నీళ్లు తరగకపోవడం పొదుపు కాదు, చుక్క కూడా లోపలికి పోలేదు. నాజిల్ శుభ్రం చేసి, బ్యాటరీలో పోసే నీళ్లు నింపి, మళ్లీ అదే వంతెన ఎక్కాం. చప్పుడు పోయిందని అత్తయ్య అన్నారు. ట్యాంకులో నీళ్లూ దిగాయి. నీ పరికరం మంచిదే. అదీ రాసుకో.

కానీ నాకు రెండుసార్లూ ఒకేలా వినపడింది. చెవితోనే ఇంజన్ల రోగం పట్టే నాకు ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. భయంగా ఉంది. అత్తయ్యతో చెప్పేశాను. సోమవారం నన్ను చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తారట. "అందాకా నేను వింటాను, నువ్వు విప్పు" అన్నారు.

ఇంకొకటి దాచాను. ఫోన్లో లైను బాగుండటం లేదు, ఉత్తరాలు రాసుకుందామన్నాను కదా. లైను బాగానే ఉంది. ఆఖరిసారి స్పీకర్లో పెట్టి మాట్లాడినప్పుడు నువ్వు నవ్వావని అత్తయ్య చెబితేనే నాకు తెలిసింది.

ఇట్లు,
ప్రేమతో,
నీ మొగుడు