గంట ‘గో ఆఫ్’ అయితే

శ్రీవారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, చిన్నది, నేను కులాసాగా ఉన్నాం. ఓడ మీద మీరు వేళకు తింటున్నారనీ, ఇంజను గది వేడికి మరీ చిక్కిపోలేదనీ అనుకుంటున్నాను.

మీ ఉత్తరం శనివారం అందింది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పి తగ్గింది. మెట్లు బాగానే దిగుతున్నారు. ఎక్కేటప్పుడు మాత్రం మిమ్మల్ని తలుచుకుంటున్నారు, మూడో అంతస్తులో ఇల్లు చూసిందెవరని! చిన్నదానికి ముందుపన్ను ఊడింది. “నాన్న వచ్చేదాకా కొత్తది రానివ్వను” అని నోరు బిగించుకుని కూర్చుంది, పాపం, అన్నం వేళదాకా. వంటింటి కిటికీ ఇంకా బిగుసుకునే ఉంది. వడ్రంగిని పిలుద్దామనుకుంటూనే రోజులు గడిచిపోతున్నాయి.

ఇంగ్లీషు నేర్చుకోవాలని ఉందని పోయిన ఉత్తరంలో రాస్తే, “ఉన్నట్టుండి నీకీ ఇంగ్లీషు పిచ్చి ఏమిటి?” అని అడిగారు. రోజూ భోజనాలయ్యాక మా పాల ఫ్యాక్టరీ మెకానిక్ పెద్దాయన నాకు పాఠం చెబుతున్నారు. ఆయన్ని అందరూ గడియారం బాబాయ్ అంటారు. ఆయన క్యారేజీ మూత తీశారంటే సరిగ్గా ఒంటిగంట. పది రోజులుగా మా పాఠమంతా ఒక్క మాట మీదే. ‘గో ఆఫ్’. రెండే ముక్కలు కదా అనుకుంటే తప్పే!

“దీపం గో ఆఫ్ అయితే?” అంటారు బాబాయ్.

“ఆరిపోయింది.”

“పాలు?”

“పాడయ్యాయి.”

“టపాకాయ?”

“పేలింది.”

“మా ఆవిడకు నా మీద గో ఆఫ్ అయితే?”

“మొహం మొత్తింది బాబాయ్.”

“అది ఎప్పుడో అయింది!” అని నవ్వుతారు. మనిషి గో ఆఫ్ అంటే వెళ్ళిపోయాడని, నొప్పి అయితే తగ్గిందని, వేడుక బాగా గో ఆఫ్ అయిందంటే సజావుగా జరిగిందని అర్థమట. మా సూపర్‌వైజరమ్మ మన భాష ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఆవిడ మధ్యలో దూరి, “మీరు మాత్రం? కన్ను కొడతారు, గొప్పలు కొడతారు, కాపీ కొడతారు. సబ్బు కొనేది కూడా కొట్టులోనే!” అంది.

ఇంతవరకు హుషారుగా రాశాను గానీ, ఇక్కడ కలం కదలడం లేదు. బాబాయ్ మంచుగదిలో చిక్కుకుపోతే నేను తలుపు తీసి కాపాడానని పోయిన ఉత్తరంలో రాశాను. “మా ఆవిడ ఒక ప్రాణం నిలబెట్టిందని ఓడంతా చాటాను” అని మీరు జవాబిచ్చారు. ఆ వాక్యం చదివాక ఇక దాచలేకపోతున్నానండీ. నేను రాసింది సగమే.

వెన్న నిలవచేసే ఆ గది తలుపు పైన ఎర్రగంట ఒకటుంది. లోపల ఎవరైనా చిక్కుకుంటే అక్కడున్న బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కినంతసేపే గంట మోగేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నన్ను అక్కడ పనికి పెట్టిన రోజున సూపర్‌వైజరమ్మ గంట చూపించి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. ‘బెల్’, ‘గోస్ ఆఫ్’, ‘ఓపెన్’ అన్న ముక్కలు చెవిన పడ్డాయి. “అర్థమైందా?” అన్నట్టు చూసింది. “యస్ మేడమ్” అని గంగిరెద్దులా తలూపాను. ఆఫ్ అంటే ఆగిపోవడమని, స్విచ్ నొక్కడం వచ్చిన ఎవరికి తెలియదు? గంట ఆగాక తలుపు తియ్యాలి, అంతేకదా అనుకున్నాను.

ఆ మంగళవారం పదకొండు గంటలకు గంట మోగింది. లోపల బాబాయ్ ఉన్న సంగతి నాకు తెలియదు. “రెండు నిమిషాల పనికి కోటు దేనికి?” అనుకుని, ఫ్యాను బాగుచెయ్యడానికి చొక్కాతోనే వెళ్ళారట. లోపలి గడియ విరిగింది. నేను తలుపు దగ్గరికి పరిగెత్తి, గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. గంట ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ! పన్నెండు నిమిషాలు. ఆ యంత్రాల హోరులో ఇంకెవరికీ వినిపించలేదు. చివరికి గంట ఆగిపోయింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నానన్న ధీమాతో తలుపు తీశాను.

బాబాయ్ తలుపు పక్కనే కూలబడి ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. నా కేకలకు అందరూ వచ్చి ఆయన్ని బయటికి లాగారు. “నువ్వు రాకపోతే పోయేవాణ్ణి తల్లీ” అన్నారాయన. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

మర్నాడు ఆసుపత్రికి వెళితే ఆయన అన్నారు: “చెయ్యి పడిపోయేదాకా బటన్ వదల్లేదమ్మా. ఎవరికీ వినపడలేదనుకుంటా.”

గంట ఆగాక కాదు, మోగినప్పుడే తలుపు తియ్యాలని నాకప్పుడు తెలిసింది. నాలుగు రోజులు నోరు మెదపలేదు. మీకు ఆ ఉత్తరం రాసింది అప్పుడే. ఐదో రోజు ఆయన మంచం దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఆయన తన వేళ్ళు చూసుకున్నారు. రెండు వేళ్ళకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

“విని కూడా నిలబడ్డావా?”

“అవును బాబాయ్.”

“ఆవిడ అర్థమైందా అన్నప్పుడు తలెందుకు ఊపావు?”

“సిగ్గేసింది.”

“నీ సిగ్గు నా ప్రాణం మీదికి తెచ్చింది కదే పిచ్చితల్లీ!” అని, ఉన్నట్టుండి నవ్వేశారు. “దీపం ఆఫ్ అయితే ఆరాలట, గంట ఆఫ్ అయితే మోగాలట! ఆ మాట కనిపెట్టినవాణ్ణి ముందు ఆ గదిలో పెట్టాలి. రేపు సూపర్‌వైజరుకు నువ్వే చెప్పు. నేను చెబితే సాకులా ఉంటుంది. నేను పనిలోకి రాగానే నీకు పాఠం మొదలు.”

మర్నాడు ఆవిడ ఆయన్ని చూడడానికి ఆసుపత్రికి వస్తే, అక్కడే చెప్పాను. పని పోతుందనే అనుకున్నాను. సూపర్‌వైజరమ్మ మొహం పాలిపోయింది. “అర్థమైందా అని అడిగాను. ఏం అర్థమైంది అని అడగలేదు. తప్పు నాది కూడా” అంది. బాబాయ్ ఇంగ్లీషు నుంచి మన మాటల్లోకి మార్చి చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు మంచుగది తలుపు మీద ‘గంట మోగితే వెంటనే తలుపు తియ్యండి’ అని మన భాషలో బోర్డు ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, తలుపు తీసేదాకా గంట మోగేలా మార్చారు. తిట్టాల్సిన ఇద్దరూ నాకు చదువు చెబుతున్నారు. ఏ పుణ్యం చేసుకున్నానో! మొన్న సూపర్‌వైజరమ్మ ఏదో చెబితే, “అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి” అని ఇంగ్లీషులోనే అడిగాను.

ఓడలో నా గురించి చాటింది సరిదిద్దండి. కోపం వస్తే తిట్టండి, పడతాను. కానీ ఒక్కటి. మీ ఇంజను గదిలో ఎన్ని గంటలున్నాయి? ఏది మోగితే ఏం చెయ్యాలన్నారు? వాళ్ళు చెప్పింది కాదు, మీకు అర్థమైంది రాసి పంపండి. మీరూ నాలాగే తలూపే రకం. పెళ్ళైన దగ్గర్నుంచి చూస్తున్నాను.

ఇట్లు,
ఈసారి ఏదీ దాచుకోని
మీ ఇల్లాలు