సూది పడ్డ చప్పుడు

బోధన్, 1961. సోమవారం.

చెరకు బండికి కోస్తున్న పలక ఈరోజు కూడా వంకరపోయింది. "నీ చెయ్యి నిలుస్తలేదురా కొడుకా" అన్నాడు బాపు. రంపం పళ్ళు వంచి పదును పెట్టింది ఆయనే. అందులో తప్పుంటుందని నాకు తోచలేదు.

మధ్యాహ్నం ఎందుకో అనుమానం వచ్చి, ఆయన నేర్పిన పరీక్షే చేశాను. రంపం పళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు సమంగా వంగి ఉంటే, వాటి నడుమ పెట్టిన సూది, రంపాన్ని వాల్చగానే ఈ కొస నుంచి ఆ కొస దాకా జారిపోవాలి. సగం దూరం పోయి టింగుమని బండ మీద పడింది. బాపు కళ్ళు మసకబారాయని తెలుసు గాని, ఇంతగా అనుకోలేదు.

"సూది ఆఖరుదాంక పోయిందా?" అని అరుగు మీంచి అడిగాడు.

"పోయింది బాపు" అన్నాను.

ఆయన లేచి వచ్చాడు. బండంతా చేత్తో తడిమి, సూదిని వెతికి తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని పక్కనే, పళ్ళను అరగదీసి పదునుపెట్టే తన ఆకురాయి కూడా పెట్టాడు.

"రేపటి సంది పదును నువ్వే పట్టు."

ఆ ఆకురాయి నా చేతికి ఎప్పుడిస్తాడా అని ఎన్నేళ్ళు చూశాను. ఇలా ఇస్తాడనుకోలేదు.