ఎనుముకు పోసిన పాదపూజ నీళ్లు

స్వామీ,

మీరు వెళ్లిపోయాక ఇది మొదటి గురుపౌర్ణమి. మన యాడికి ఊళ్లో ఇంకా వాన పడలేదు. ఎవరొచ్చినా మీరు ముందు అడిగేది వాన గురించే కాబట్టి ముందదే రాస్తున్నాను.

ఏటా ఈ రోజు మీ పాదాలు కడగాలని తలా ఒక చెంబు నీళ్లు తెచ్చేవాళ్లం. మీరు కాళ్లు వెనక్కి లాక్కుని, కొట్టంలోని పాడి ఎనుమును చూపిస్తూ, "కరువులో నీళ్లు కాళ్లకు పోస్తారా? పోయి ఆ ఎనుముకు తాపండప్పా!" అని కసిరేవారు. మీ తర్వాత మాకు గురువెవరని అడిగితే, "ఊపిరిని పట్టుకోండి, నన్ను కాదు" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఊపిరి తలమీద చెయ్యి పెట్టి ఓదారుస్తుందా?

ఈరోజు మీ టైరు చెప్పులు పీట మీద పెట్టి, చుట్టూ కూర్చున్నాం. మీరు పోయినప్పటి నుంచి నా దగ్గర ప్రాణాయామం నేర్చుకుంటున్న లక్ష్మీదేవి చెప్పులకు మొక్కి, చెంబుతో నేరుగా నా ముందుకు వచ్చి కూర్చుంది.

"కాళ్లు ఇట్ల పెట్టక్కా, కడుగుతా" అంది.

నేను చటుక్కున కాళ్లు లాక్కున్నాను. "నీళ్లు పారబోస్తావేమే? పోయి ఎనుముకు తాపు!"

అందరూ ఉలిక్కిపడి నా వైపు కాదు, మీ పీట వైపు చూశారు. ఆ కసురు నాది కాదని నాకూ తెలిసింది.

తర్వాత ఒక్కొక్కరే లేచి, తమ చెంబు ఎనుము తొట్టిలో వంచి వచ్చారు.

మీ చెప్పులు మాత్రం తడవలేదు స్వామీ.