చిత్తడి అడవిలో దాచిన గుర్రాలు

హెల్సింగ్‌బోర్గ్ పొలిమేర,
1710 ఏప్రిల్.

నాయనా టూవే,

మీ అమ్మ బెంగ్తా దీవెనలు. నేను చెబుతుంటే చర్చిలో గంట కొట్టే మోర్టెన్ గారు రాస్తున్నారు. "అందరం క్షేమం అని రాయనా?" అని అడిగారు. "ప్రాణాలతో ఉన్నామని రాయండి, చాలు" అన్నాను. నీ కాలి గాయం మానిందనీ, కార్ల్స్‌క్రోనా దండులో రెండు పూటలా రొట్టె పెడుతున్నారనీ రాశావు. ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నాను.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. ఇల్లు నిలిచింది. కంచె మాత్రం జలసంధి దాటి దండెత్తొచ్చిన డేన్లు పీక్కెళ్లి చలిమంటలు వేసుకున్నారు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. విత్తనం బార్లీ పొయ్యి కింద పాతిపెట్టాం కాబట్టి దక్కింది. దున్నడానికే గుర్రాలు లేవు. మీ నాన్నే నడుముకి తాడు కట్టుకుని నాగలి లాగుతున్నాడు, నేను మేడి పట్టుకుంటున్నాను.

యుద్ధం రోజు మేమెక్కడున్నామని అడిగావు. పెరట్లో టర్నిప్ దుంపల గోతిలో ఉన్నాం. పొద్దున్నే దట్టంగా మంచు. ఏ సైన్యం ఎటుందో వాళ్లకే తెలిసినట్టు లేదు. ఇద్దరం గోతిలో దిగి పైన తలుపు వేసుకున్నామో లేదో ఎవరో తట్టారు. పక్కింటి సిస్సా అవ్వ, ఆమె మనవరాలు, నువ్వు పెళ్లాడతానని మాటిచ్చిన ఎల్నా.

మీ నాన్న నిచ్చెన మీద కూర్చుని దారి ఇవ్వలేదు. "ఎవరు గెలిస్తే నీకు పండగో వాళ్ల దగ్గరికే పో" అన్నాడు.

"మామయ్యా, అవ్వకి కాళ్లు పని చెయ్యట్లేదు. ఇంకెక్కడికీ నడవలేదు" అంది ఎల్నా.

నేనే ఆయన్ని జరిపి తలుపు తీశాను. ఆ చీకట్లో నలుగురం మోకాళ్లు తగిలేలా కూర్చున్నాం. ముందు ఫిరంగులు. తర్వాత నేల అదిరేలా గుర్రపు దండు ఒకటి మా నెత్తి మీదుగా పోయింది. మట్టి పెళ్లలు రాలి ఒళ్లో పడ్డాయి. ఆ మోతలో కూడా మీ నాన్న ఊరుకోలేదు. "విన్నావా సిస్సా? అందులో మన గుర్రాలు కూడా ఉన్నాయేమో. నువ్వు పట్టించినవి" అన్నాడు.

చీకట్లో అవ్వ మొహం నాకు కనపడలేదు. కానీ ఆమె నావైపే చూస్తోందని నా ఒళ్లంతటికీ తెలుసు.

మధ్యాహ్నానికి చప్పుడు ఆగింది. పైకొచ్చి చూస్తే పొలం మీద పంటలా మనుషులు పడున్నారు. మన వైపు వాళ్లలో సగం మంది నీలాంటి రైతుబిడ్డలే, చెక్కజోళ్లతోనే వచ్చారు. నువ్వు ఆ సైన్యంలోనే ఉన్నావని విన్నాను కదా. బోర్లా పడ్డ ప్రతివాణ్ణీ వెల్లకిలా తిప్పి చూశాను. ఎవరూ నువ్వు కానందుకు సంతోషపడ్డాను. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డేన్ల కంట పడకుండా చిత్తడి అడవిలో దాచినా వాళ్లకి చిక్కిన మన గుర్రాల సంగతి అడిగావు. ఓడిపోయిన డేన్లు ఓడలెక్కేముందు తమ దగ్గరున్న గుర్రాలన్నిటినీ ఊళ్లోనే చంపేశారు, మన సైన్యానికి దక్కకూడదని. వేలల్లో. వాళ్లు వెళ్లిన మర్నాడు మీ నాన్న ముక్కుకి గుడ్డ కట్టుకుని పట్నంలో వీధి వీధీ తిరిగాడు. మగ గుర్రం కనపడలేదు. బూడిదరంగు ఆడ గుర్రం గ్రోల్లా ఒక దర్జీ కొట్టు గుమ్మం ముందు పడుందట. మెడ కోసేశారు. నువ్వు అల్లిన తలపట్టీ ఇంకా దానికే ఉందట. ఆయన ఇంటికొచ్చి రొట్టె ముట్టలేదు. "ఎవరు చెప్పారో నాకు తెలుసు" అని ఒక్కమాటే అంటూ కూర్చున్నాడు.

ఊరంతా అదే అంటోంది. సిస్సా తమ్ముడు జలసంధి అవతల డేన్ల ఊరు హెల్సింగోర్‌లో పడవ నడుపుతాడు కాబట్టి ఆమె డేన్ల మనిషట. యాభై ఏళ్ల కిందటిదాకా ఈ నేల డేన్లదేననీ, మన తాతలందరూ డేన్ల రాజుకే పన్ను కట్టారన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆమెకు నిప్పు ఇచ్చేవాళ్లు లేరు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు. యుద్ధం అయ్యాక సర్కారు మనిషి ఒకాయన వచ్చి, శత్రువుకి సాయం చేసినవాళ్ల పేర్లు రాసుకున్నాడు. అయిదుగురు ఆమె పేరే చెప్పారు. మంగళవారం ఆమె కోర్టుకి వెళ్లాలి.

ఊరి మాట నీదాకా కూడా వచ్చినట్టుంది. నీ ఉత్తరంలో చివరిమాట: "ద్రోహి ఇంటి పిల్లని చేసుకోను. ఎల్నాకి చెప్పేయండి." నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాయిస్తున్నాను.

గుర్రాలని పట్టించింది నేను.

నవంబర్లో మీ నాన్న కట్టెలకి వెళ్లినప్పుడు ఒక డేన్ అధికారి ఏడుగురు సిపాయిలతో వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు. బీరు తాగాడు. అచ్చం మా అమ్మమ్మ యాసలోనే మాట్లాడాడు. "కొట్టంలో పేడ తాజాగా ఉంది తల్లీ, గుర్రాలు మాత్రం లేవు. సాయంత్రంలోగా కనపడకపోతే మీ ఆయన్ని మీ దూలానికే వేలాడదీస్తాను" అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు. నేను చిత్తడి అడవి వైపు వేలు చూపించాను.

రాత్రి గుర్రాలకి మేత వెయ్యడానికి వెళ్లి, మీ నాన్న ఖాళీ తాళ్లు పట్టుకుని వచ్చాడు. "ఎవరు చెప్పుంటారు? సిస్సాయేనా?" అని అడిగాడు. నేను "ఏమో" అన్నాను. అంతే. ఆమె పేరు నేను ఎత్తలేదు. కానీ ఆ "ఏమో"ని ఆయన బావి దగ్గరికి మోసుకెళ్లాడు, అక్కడినుంచి ఊరు మోసుకెళ్లింది. అప్పటినుంచి నాకు అందరి మీదా అనుమానమే. ఎవరైనా పలకరిస్తే ఎందుకు పలకరించారా అని. సిస్సా దగ్గితే నాకోసమే దగ్గిందని.

ఇక్కడికి వచ్చేసరికి మోర్టెన్ గారు కలం ఆపేశారు. "ఇది రాశానంటే నేను విన్నట్టే బెంగ్తా. కోర్టువాళ్లు అడిగితే అబద్ధం చెప్పలేను" అన్నారు. "రాయండి" అన్నాను.

ఇక్కణ్ణుంచి సోమవారం రాయిస్తున్నాను. ఇవాళ పొద్దున్నే మీ నాన్నకి చెప్పాను. ఆయన గొడ్డలికి పదును పెడుతున్నాడు, ఆపలేదు. "నన్ను ఉరితీస్తానన్నాడా?" అని అడిగాడు.

"అన్నాడు."

"గుర్రాలు పోతే పోయాయి. నేనూ నీలాగే చేసేవాణ్ణేమో. మరి నన్నెందుకు ఆ ముసలిదాని మీదకి వదిలావు?"



తర్వాత సిస్సా అవ్వ దగ్గరికి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే చెప్పాను.

"తెలుసు. వాళ్లు నీ ఇంట్లోంచి తిన్నగా అడవికే వెళ్లారు. మా ఇంటివైపు తలన్నా తిప్పలేదు" అంది.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నేను చెబితే నమ్మేదెవరు? నువ్వు చెబుతావేమోనని చూశాను. అయిదు నెలలు చూశాను. రేపు కోర్టు దాకా మూడు గంటల నడక. ఎల్నా ఒక్కతే నన్ను మొయ్యలేదు. ఇంకో పక్క నువ్వు పట్టుకో. ఊరి నడిమధ్య నుంచి పోదాం."

సరేనన్నాను. ఎల్నా లోపల నూలు వడుకుతోంది, తల ఎత్తలేదు. నువ్వు అన్న మాట ఆమెకి నేను చెప్పనూ లేదు, నిన్ను క్షమిస్తుందా అని అడగనూ లేదు నాయనా. అది నువ్వే, నీ చేత్తో రాసి అడగాలి.

రేపు నాకేం శిక్ష పడుతుందో తెలీదు. ఇంకొకరి నోటి మీదుగా నీకు తెలియకూడదని ఇదంతా రాయించాను. తెల్లారకముందే అవ్వని బయల్దేరదీయాలి. ఆమె నెమ్మదిగా నడుస్తుంది, దారి పొడుగునా గుమ్మాల్లో జనం ఉంటారు.

ఇట్లు,
నువ్వు ఎప్పుడు పిలిచినా పలికే
మీ అమ్మ బెంగ్తా