చుక్క ఎటువైపు?

చిరంజీవి మేనల్లుడికి,
అత్తయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నీ చెల్లెలి కూతురికి మీ నాయనమ్మ పేరు పెట్టాం. ఆస్పత్రివాళ్లు కంప్యూటర్లో కొడితే పేరు మధ్యలో ఖాళీ డబ్బా పడింది. నర్సమ్మ పిల్లని ‘డబ్బా పాప’ అని పిలుస్తోంది. లోకంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లో చోటిచ్చే ఆఫీసులో కూర్చుని, మన నాలుగూళ్ల భాషలోని అక్షరాన్నే వదిలేశావా?
ఇట్లు,
మీ అత్తయ్య
తా.క.: ఈ సంగతి తెలిస్తే మీ నాయనమ్మ పైనుంచి దిగొచ్చి నీ చెవి మెలేస్తుంది.

అత్తయ్యకి నమస్కారాలు.
వదిలెయ్యలేదు. ఆ అక్షరానికి చుక్క ఎటు పెట్టాలో తేలక ఆగింది. నువ్వు ఎడమవైపు అంటావు. ఏటి అవతల మన భాష బడి నడిపే మాస్టారు కుడివైపని రాశారు. ‘ముందు మీలో మీరు తేల్చుకోండి’ అంటోంది మా కమిటీ. ఒకసారి ఆయన్ని కలువు.
నీ మేనల్లుడు
తా.క.: చోటు దొరికితే అక్షరానికి ఒక నంబరు కూడా ఇస్తారు.

చిరంజీవికి,
నంబరెందుకు? జైల్లో పెట్టడానికి మన అక్షరం ఏం నేరం చేసింది? ఆ మాస్టారి గడప నేను తొక్కను. అచ్చాఫీసులో ఇన్నేళ్లు సీసం అక్షరాలు పేర్చినదాన్ని, చుక్క ఎటో నాకు తెలీదా? కుడివైపు పెట్టే మనిషి ఏ చెప్పు ఏ కాలికి తొడుక్కుంటాడో.
ఇట్లు,
అత్తయ్య
తా.క.: పాపకి మెడ నిలబడింది. పేరే ఇంకా నిలబడలేదు.

అత్తయ్యకి,
అది ఖైదీ నంబరు కాదు, ఇంటి నంబరు లాంటిది. ఏ ఊరి కంప్యూటరైనా ఆ నంబరు పట్టుకుని మన అక్షరం ఇంటికే వస్తుంది. ఈ మీటింగు దాటిపోతే మళ్లీ ఎప్పటికో. కాస్త తగ్గి మాట్లాడమని మాస్టారికీ రాశాను.
నీ మేనల్లుడు
తా.క.: ‘ఆవిడకి కోపం ఎక్కువని విన్నాను, తలుపు తీసి ఉంచాలా, వేసి ఉంచాలా?’ అని అడిగారు.

చిరంజీవికి,
పాపని ఎత్తుకుని పడవెక్కాను. తలుపు తీసే ఉంది. నల్లబల్ల మీద కుడి చుక్కతో అక్షరం రాసి ఉంది. దాన్ని చూస్తూ పిల్లలు మన మాటలే గట్టిగా చదువుతున్నారు. మన వీధిలో పిల్లల నోట ఆ మాటలు విని ఎన్నాళ్లయిందో. పోట్లాడ్డానికి తీసుకెళ్లిన మాటలన్నీ మరిచిపోయాను. చుక్క కుడివైపే ఉండనీ అని కమిటీకి రాసేశాను.
ఇట్లు,
అత్తయ్య
తా.క.: మాస్టారు రేవు దాకా సాగనంపడానికి వచ్చి, “పాప పేరు మీరు రాసినట్టే ఉండాలండీ, ఎడమవైపుకే ఒప్పుకుంటూ పొద్దున్నే రాసేశాను” అన్నారు. పడవ కదిలేదాకా మళ్లీ పోట్లాడుకున్నాం.

అత్తయ్యకి,
మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. నువ్వు కుడి, ఆయన ఎడమ. “వీళ్ల తగువు ఇంకా తెగలేదా?” అని విసుక్కుంది మా అధ్యక్షురాలు. నేను లేచి, “తెగిందండీ, ఇప్పుడు ఎవరికి వాళ్లు ఎదుటివాళ్ల చుక్క కోసం పోట్లాడుతున్నారు” అన్నాను. ఆవిడ రెండు ఉత్తరాలూ చేతిలోకి తీసుకుని మళ్లీ చూసింది. తర్వాత, “ఇంత మర్యాదగల తగువు నేను తీర్చలేను. రెండూ మనుషులు రాస్తున్న అక్షరాలే, రెండిటికీ పక్కపక్కన చోటివ్వండి” అంది. ఫోన్లలోకి రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది గాని, మా ఆఫీసు తెర మీద పాప పేరు నిండుగా పడింది.
నీ మేనల్లుడు
తా.క.: వారానికోసారి ఏరు దాటొచ్చి మన వీధి పిల్లలకి చదువు చెప్పనా అని మాస్టారు అడుగుతున్నారు. నిన్ను అడగడానికి భయమట. నేను సరేనని రాసేశాను.